గదులమ్మ నింపిన గోడసీసాలు

రండి, ఇంకాస్త ముందుకు జరగండి. వెనకాల గోడకి ఆనుకున్న అన్నయ్యా, మీరు కూడా. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని చెప్పుకునేది. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోండి. ఫోన్లు బోర్లా తిప్పండి. ఆ పైవాడు మనకి రెండు చేతులిచ్చాడు కదా, వాటితో ఏం చేశావని ఏదో ఒక రోజు తప్పకుండా అడుగుతాడు. ఆ రోజు తల దించుకోకుండా జవాబు చెప్పగలిగే మనిషి సంగతి ఈ పూట చెప్తాను. వినండి.

బస్టాండు పక్కన మూడంతస్తుల లాడ్జి. అందులో గదులు చూసే ఆడవాళ్ళకి పెద్ద, గదులమ్మ. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఇన్నేళ్ళుగా ఊడ్చి, తుడిచి, దుప్పట్లు దులిపి, ఆ పేరు ఎక్కడో మంచాల కిందికి దొర్లిపోయింది. ఆవిడ కూడా వెతుక్కోలేదు. గదులమ్మ అంటే చాలు, ఆ వీధిలో ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు.

అణకువ గల మనిషి అనుకునేరు, అదేం లేదు. తన పని మీద తనకి బోలెడంత గొప్ప. "నేను పరిచిన దుప్పటి మీద చీమ నడిస్తే, దానికి తన నీడ కూడా వంకర లేకుండా కనపడాలి" అనేది. కొత్తగా చేరినవాళ్ళకి ఈ మాట చెప్పందే చీపురు చేతికిచ్చేది కాదు.

రోజూ తెల్లారేసరికి ఆవిడ లాడ్జి వెనక తలుపు గడియ తీసేది. తలుపు బార్లా తెరిచి, కొంగు బిగించి, ఓ పక్కకి నిలబడేది. అప్పుడు సీసాలొచ్చేవి.

చిట్టి చిట్టి షాంపూ సీసాలు, కాగితం ఊడిన సబ్బుబిళ్ళలు, మూత వదులైన ఒంటి లోషన్లు. అంతకు ముందురోజు అతిథులు కాస్త వాడి, ఇంకా ఉండగానే వదిలేసినవి. చెత్తబండి వాటిని ఊరవతల కుమ్మరించి వచ్చేది, అవి మర్నాడు పొద్దున్నే నడిచొచ్చేవి. వాడడం మొదలుపెట్టి, అయిపోకుండా పారేసింది ఏదైనా సరే, మొదట మూత తీసి వాడిన చోటికే తిరిగొచ్చేది. మేత ముగించుకున్న పశువులు కొట్టానికి చేరినట్టు, రోడ్డు వారగా, ఒకదాని వెనక ఒకటి. పాలాయన సైకిలుకి బ్రేకేసి దారిచ్చేవాడు. టీకొట్టావిడ బల్ల ముందు నీళ్ళు చల్లడం ఆపి, "ఇవాళ లేటయ్యాయే" అనేది. అంతే. ఎవరి పని వాళ్ళది.

"రండమ్మా రండి, కాళ్ళు తుడుచుకుని మరీ రండి" అని వాటిని లోపలికి పిలిచేది గదులమ్మ ఆడపడుచు. ఆవిడా అక్కడే పని చేసేది. మెట్లు తుడవడం ఆవిడ వంతు. ఆ తడిమెట్ల మీదే సీసాలు ఎక్కిపోయి, ఏ గదిలో తమ మూత తీశారో ఆ గది ముందు నిలబడేవి.

"వదినా, నా మెట్లు మళ్ళీ జిడ్డు చేశాయి చూడు."

"నువ్వు తుడిచేదానికి అవి జిడ్డు చెయ్యాల్సిన పని కూడానా" అనేది గదులమ్మ.

"అవునమ్మా, మా అన్నయ్యని కట్టుకున్నావు కదా, జిడ్డు సంగతి నీకు బాగా తెలుసు."

ఇద్దరూ నవ్వుకుంటూ బుట్టలు పట్టుకుని పైకెళ్ళి, సీసాలన్నీ ఏరి, మళ్ళీ చెత్తలో వేసేవాళ్ళు. మర్నాడు పొద్దున్నకి అవీ, వాటితో పాటు కొత్తవీ. ఏటా ఆ వరస పొడుగవుతూనే ఉంది. కొన్నాళ్ళకి వెనక వాకిట్లో బట్టలారేసుకునే చోటు కూడా లేకుండా బుట్టలు పేరుకుపోయాయి. తలుపు తీసిన అతిథికి, ఎవరో వాడిన సబ్బుబిళ్ళ గుమ్మంలో ఎదురుపడితే ఏం బాగుంటుంది చెప్పండి. మొహం చిట్లించుకుని పక్క లాడ్జికి పోయేవాళ్ళు.

ఆ లాడ్జికి యజమాని ఒక పెద్దాయన. తక్కువ మాట, ఎక్కువ ఆలోచన. కౌంటరులో కూర్చునేది మాత్రం ఆయన కూతురి మొగుడు. ఇంట్లోవాళ్ళకే కాదు, ఊరందరికీ ఆయన అల్లుడుగారే. గదికి తాళం అడగడానికొచ్చిన అతిథులు కూడా "అల్లుడుగారూ" అనే పిలిచేవాళ్ళు. చెడ్డమనిషి కాడు. ఆ చిట్టి సీసాలంటే ఆయనకి ప్రాణం. వాటి మీద లాడ్జి బొమ్మ వేయించింది ఆయనే. ఆ బొమ్మలో లాడ్జికి ఉన్నదానికంటే ఒక అంతస్తు ఎక్కువుండేది.

ఒకరోజు ఒక టూర్లావిడ వచ్చింది. బస్సుల నిండా యాత్రికుల్ని ఊళ్ళు తిప్పి చూపించే కంపెనీ ఆవిడది. మూడంతస్తులూ తిరిగింది. పరుపు నొక్కింది, కిటికీ రెక్క మీద వేలు రాసి చూసుకుంది, గదులమ్మ దుప్పట్లకి తలూపింది. తర్వాత వెనక వాకిట్లో బుట్టలు చూసి ఆగిపోయింది.

"మా వాళ్ళని మీ దగ్గరే దింపాలని ఉంది. కానీ ఈ చిన్న సీసాలున్నంతకాలం కుదరదు. మా కంపెనీ పద్ధతి అది. స్నానాలగదిలో గోడకి డిస్పెన్సర్లు పెట్టండి. నొక్కితే వస్తుంది, అయిపోతే నింపుకుంటారు. పారేసేది ఉండదు."

అల్లుడుగారికి ఒళ్ళు మండింది. "గోడకి సీసాలు కొట్టిస్తే లాడ్జిలా ఉండదు మావయ్యా, ఆసుపత్రిలా ఉంటుంది. అయినా ఎవరు నింపారో, ఏం పోశారో అని అతిథికి అనుమానం రాదూ. సీలున్న సీసా అంటే దాని మర్యాద వేరు. ఈ తిరిగొచ్చే గోలంటారా, అది ఏరడం చేతకాక వచ్చింది. గదుల పని మొత్తం కాంట్రాక్టు కంపెనీకి ఇచ్చేద్దాం. యూనిఫారాలతో వస్తారు, టకటకా ఏరేసి పోతారు."

పెద్దాయన గదులమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, ఏమంటావు?"

కాంట్రాక్టు మాట వినగానే గదులు చూసే ఆడవాళ్ళందరి మొహాలూ వాడిపోయాయి. వాళ్ళలో ఒకావిడకి మొగుడు మంచానపడ్డాడు. ఇంకొకావిడకి కూతుళ్ళు చదువుకుంటున్నారు. గదులమ్మ వాళ్ళని చూసింది, బుట్టల్ని చూసింది. కొంగు నడుముకి దోపింది.

"గోడసీసాలు పెట్టించండి అయ్యగారూ. నింపే పూచీ నాది."

"ఆ అనుమానమేదో అతిథుల నోటెంట వస్తే?" అన్నాడు అల్లుడుగారు.

"మేమే వెళ్ళిపోతాం. మీరు వెళ్ళమనక్కర్లేదు."

"మమ్మల్ని అడక్కుండానే మా తరపున కూడా వెళ్ళిపోతానంటోందేంటి వదిన" అని ఆడపడుచు పక్కావిడ చెవిలో గొణిగింది. అయినా ఎవరూ ఎదురు చెప్పలేదు.

గోడసీసాలొచ్చాయి. తెల్లగా, బొద్దుగా, ముక్కు ముందుకి పెట్టుకుని, అలిగిన బాతుల్లా ఉన్నాయి. వాటితోపాటు నింపడానికి సబ్బు, షాంపూ పెద్ద పెద్ద డబ్బాల్లో వచ్చాయి. ఇక్కడే గదులమ్మ ఒక తప్పు చేసింది. ఆవిడ తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు. ఎందుకంటే పారేయడమంటే ఆవిడకి గిట్టదు. డబ్బాలకి వేసిన సీలు వేసినట్టే ఉంచి, వెనక వాకిట్లో బుట్టల వైపు చూసింది.

"ఇంత సరుకుండగా కొత్తది ఎందుకే విప్పడం. వీటిని ఖాళీ చేస్తే ఇవీ శాంతిస్తాయి, ఆ డబ్బాలూ మిగుల్తాయి."

"ఎవరెవరో వాడినవి వదినా."

"మూత తీసింది వాళ్ళు, లోపలున్నది సబ్బే కదా. నోర్మూసుకుని పట్టు."

చిట్టి సీసాలన్నీ ఒక్కొక్కటే గోడసీసాల్లోకి ఒంపారు. చూడ్డానికి బాగానే ఉంది. ఆకుపచ్చా, పసుపూ, గులాబీ కలిసిపోయి ఏదో కొత్త రంగొచ్చింది. వాసన కూడా అంతే, పెళ్ళింట్లో చుట్టాలందరూ ఒకే గదిలో ముస్తాబైనట్టు. అన్నీ గోడలకి ఎక్కించి, చేతులు దులుపుకుని, గదులమ్మ గర్వంగా ఇంటికెళ్ళింది.

మర్నాడు పొద్దున్న రెండో అంతస్తులో ఒక రిటైరైన హెడ్మాస్టరు స్నానం చేస్తున్నాడు. తల నిండా నురగ. కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు, గోడసీసా అందలేదు. తడిమాడు. లేదు. ఒక కన్ను తెరిచి చూస్తే, సీసా మేకు వదిలి, గడప దాటి, వరండాలోకి పోతోంది. తువ్వాలు చుట్టుకుని ఆయన కూడా బయటికొచ్చాడు.

వరండా అంతా అదే తంతు. గోడసీసాలన్నీ బయటికొచ్చేశాయి. పాపం వాటికైనా ఏం తెలుసు. కడుపులో పది గదుల సరుకుంది, ఒక్కో చుక్కా ఒక్కో గదికి లాగుతోంది. అడ్రసు మర్చిపోయిన మనుషుల్లా రెండు మెట్లెక్కడం, ఆగడం, మూడు మెట్లు దిగడం. మలుపు దగ్గర రెండు సీసాలు ఢీకొట్టుకుని, నువ్వు ముందంటే నువ్వు ముందని నిలబడిపోయాయి.

"ఏయ్, ఎక్కడికి? వరసలో నిలబడు" అన్నాడు హెడ్మాస్టరు అలవాటు కొద్దీ. అదేమైనా ఆయన బడా. చివరికి నురగ తలతోనే కిందికి దిగి, కౌంటరు ముందు నిలబడ్డాడు.

"సీసాలు నడవడం మీద నాకేం అభ్యంతరం లేదండి. కానీ నా తల మీద నురగ ఉండగా నడిచాయి. అది మాత్రం బాగాలేదు."

అల్లుడుగారు మావగారి వైపు చూశాడు. మాట్లాడాల్సిన పనేముంది, గెలిచినట్టే కదా.

పెద్దాయన గదులమ్మని పిలిచాడు. ఆడవాళ్ళందరూ వెనకే వచ్చి నిలబడ్డారు. ఒకావిడ ముందుకొచ్చి, "అందరం కలిసే నింపామండీ" అనబోయింది. గదులమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి నెట్టింది.

"నేనే చేశానయ్యగారూ. కొత్త డబ్బా విప్పకుండా, తిరిగొచ్చిన సీసాల్లో మిగిలింది నేనే పోయించాను. వద్దని నా ఆడపడుచు చెప్పింది కూడా. మా అత్తారింట్లో నా మాట తప్పవ్వడం ఇదే మొదలు, కాబట్టి దానికి చాలా సంతోషంగా ఉంటుంది."

ఆడపడుచు నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హెడ్మాస్టరు కూడా నురగ కారుతున్న గడ్డంతో నవ్వేశాడు. పెద్దాయన నవ్వలేదు.

"తప్పు తప్పని చెప్పావు, ఈసారికి సరే. నేను కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, వారం పడుతుంది. టూర్లావిడ తన వాళ్ళతో వచ్చేదీ అప్పుడే. ఈలోగా సరిచెయ్యి. ఇంకో మాటొచ్చిందంటే నేను కూడా ఏం చెయ్యలేను."

ఇప్పుడు బాగా వినండి, కథకి ప్రాణం ఇక్కడే ఉంది.

ఆ కలగాపులగం సరుకంతా గదులమ్మ బకెట్లలోకి ఒంపించి, సబ్బుబిళ్ళలు కూడా అందులోనే కరిగించింది. దాంతో మెట్లు కడిగారు, కిటికీలు కడిగారు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు ఉతికారు. అప్పటికీ మిగిలితే బస్టాండు బెంచీలు కూడా తోమారు. ఆఖరి చుక్క అయిపోగానే, ఇన్నేళ్ళుగా తిరిగి తిరిగి అలసిపోయిన ఆ చిట్టి సీసాలు వాకిట్లో పక్కకి ఒరిగి పడుకున్నాయి. మళ్ళీ లేవలేదు.

ఇక గోడసీసాలు. లోపల తడి ఉండగా నింపకూడదు, వాసనొస్తుంది. లాడ్జిలో ఎండ తగిలే ఒక్క చోటు వెనక వాకిలి, అక్కడేమో చిట్టి సీసాలు పడుకున్నాయి. అందుకని ఆడవాళ్ళందరూ వాటిని బుట్టల్లో పెట్టుకుని, వీధిలోంచి నడుచుకుంటూ గదులమ్మ ఇంటికి తీసుకెళ్ళారు. ఇల్లు చిన్నదే గానీ, డాబా మీద ఎండకి కొదవలేదు. వేణ్ణీళ్ళతో కడిగి, ముక్కుల్లో సన్నగుడ్డ దూర్చి తుడిచి, తెల్లటి బట్ట మీద బోర్లించారు. పూర్తిగా ఆరాక, అప్పుడు గదులమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ డాబా మీదే కొత్త డబ్బాల సీళ్ళు తీసి, సీసాలన్నీ నింపింది.

నింపిన వాటిని ఆడపడుచు బుట్టలోకి సర్దబోయింది.

"ఆగవే" అంది గదులమ్మ. జుట్టు ముడి విప్పేసింది. బకెట్టు ముందు కూర్చుని, మొదటి సీసా నొక్కి, ఆ మొదటి చారెడు షాంపూ తన నెత్తిన రుద్దుకుంది.

"ఇదేంటి వదినా, ఇప్పుడు తలస్నానమేంటి?"

"రేపు ఎవరో కన్నబిడ్డ ఇది తల మీద పోసుకుంటుంది. మంట పుడుతుందో దురద పెడుతుందో నాకు తెలియకుండా ఎలా పెట్టను. నువ్వు కూడా రా. ప్రతి సీసా చూడాలి, నాకున్నది ఒకటే తల."

ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళందరూ కూర్చున్నారు. సీసాలు ఇంకా మిగిలాయి. గదులమ్మ మొగుడు దర్జీ. కింద మిషను ముందు కూర్చున్నవాణ్ణి కేకేశారు.

"నాకు బట్టతల కదా, నా మీదేం తెలుస్తుంది?" అన్నాడాయన మెట్లెక్కుతూ.

"అడ్డంగా జుట్టేం లేదు కాబట్టే నీ మీద బాగా తెలుస్తుంది అన్నయ్యా. కూర్చో."

ఆయన నెత్తి ఎండలో రాగిచెంబులా మెరిసింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ సాయంత్రం వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూస్తే, డాబా గోడ పొడుగునా తడి జుట్లు ఆరబోసుకున్న ఆడవాళ్ళు, మధ్యలో ఒక గుండు. ఎవరికీ మంటా లేదు, దురదా లేదు. మర్నాడు సీసాలు లాడ్జి గోడలకెక్కాయి. ఎక్కిన చోటు నుంచి అంగుళం కదల్లేదు.

తర్వాతి రోజుల్లో వెనక తలుపు గడియ తీస్తే ఖాళీ వీధే కనిపించేది. పాలాయనకి అలవాటు పోక బ్రేకు వేసేవాడు. అతిథులు స్నానాలు చేసి, మాట్లాడకుండా తాళాలిచ్చి పోయేవాళ్ళు. లాడ్జిలో అతిథి ఏమీ అనకుండా పోతే, దాన్ని మించిన మెచ్చుకోలు లేదు. గదులమ్మ మెడ నిటారుగా పెట్టుకుని వరండాలో తిరుగుతుంటే, వెనకనుంచి చూసి, "మా వదిన నెత్తిన కిరీటముంది, మనకే కనపడ్డం లేదు" అనేది ఆడపడుచు.

అల్లుడుగారికి మాత్రం నిద్రపట్టలేదు. స్టోరులో అట్టపెట్టెల నిండా తన బొమ్మసీసాలు. మావగారు ఊళ్ళో లేరు. రేపు టూర్లావిడ వస్తుంది. ఆ ముద్దొచ్చే సీసాలు అద్దం ముందు వరసగా పేర్చి చూపిస్తే ఎవరి మనసైనా కరగదా అని ఆయన నమ్మకం. నిజంగానే నమ్మాడు, అదే చిక్కు. గదులమ్మని పిలిచాడు.

"హెడ్మాస్టరుగారు ఫిర్యాదు చేశారా లేదా?"

"చేశారు అల్లుడుగారూ. అయ్యగారు ఒకసారికి సరే అన్నారు."

"ఆయన మెత్తమనిషి, అలాగే అంటారు. నువ్వన్న మాట ఏంటి? అతిథి నోట మాటొస్తే మీరే వెళ్ళిపోతామన్నావు. వెళ్ళమనక్కర్లేదన్నావు."

గదులమ్మకి ఆ మాట సూటిగా తగిలింది. అన్నది తనే. అన్నాక బతిమాలడం ఆవిడకి చేతకాదు. నడుముకున్న తాళాల గుత్తి తీసి కౌంటరు మీద, చప్పుడు కాకుండా పెట్టింది.

"మూడో అంతస్తులో దుప్పట్లు ఆరలేదు. వచ్చేవాళ్ళకి చెప్పండి, తడిగా పరవొద్దని."

ఆ మాట చెప్పి బయటికి నడిచింది. ఆడవాళ్ళందరూ వెనకే నడిచారు. ఎవరూ ఏడవలేదు. ఆడపడుచు మాత్రం గుమ్మం దాటుతూ, "మెట్లు జాగ్రత్తండోయ్, ఇప్పుడే తుడిచాను" అని వెళ్ళింది.

అల్లుడుగారు గోడసీసాలన్నీ ఊడదీయించి, చెత్తబండికెత్తించాడు. అవి ఎలాగూ పొద్దున్నకి వెనక్కొస్తాయి, రాగానే స్టోరులో పడేద్దాం అనుకున్నాడు. ప్రతి గదిలో బొమ్మసీసాలు పేర్పించాడు.

తెల్లారింది. అల్లుడుగారు తనే స్వయంగా వెనక తలుపు తీసి నిలబడ్డాడు. సూర్యుడు బారెడు పైకొచ్చాడు. ఏవీ రాలేదు.

అదే వేళకి పెద్దాయన బస్సు దిగి, సంచీ పట్టుకుని నడిచొస్తున్నాడు. ఎదురుగా గోడసీసాలు. రోడ్డు వారగా, వరసగా, బొద్దుగా, తొణక్కుండా వస్తున్నాయి. ఆయన అలవాటుగా పక్కకి తప్పుకుని దారిచ్చాడు. రెండడుగులేసి ఆగాడు. ఇవి లాడ్జి వైపు కదా పోవాలి. కొత్త కళ్ళజోడు అన్నీ తిరగేసి చూపిస్తోందేమో అనుకుని, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. సీసాలు అటే పోతున్నాయి. ఆయన కూడా వెనక్కి తిరిగి, వాటి వెనకే నడిచాడు.

అవి సందు తిరిగాయి. గదులమ్మ ఇంటి ముందు ఆగి, మెట్టు కింద సర్దుకుని నిలబడ్డాయి.

"వదినా, లే. చుట్టాలొచ్చారు, సామాన్లతో సహా" అంది వాకిలి ఊడుస్తున్న ఆడపడుచు. వెనకాల పెద్దాయన్ని చూసి చీపురు పక్కన పెట్టింది.

గదులమ్మ బయటికొచ్చింది. పెద్దాయన సంచీ కింద పెట్టాడు.

"ఈ వేళప్పుడు ఇంటి దగ్గరున్నావేంటమ్మా?"

"పని మానేశామయ్యగారూ. నా మాట ప్రకారమే." అంతకు మించి అల్లుడుగారి మీద ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆయనకీ అడగాల్సిన అవసరం రాలేదు.

"ఇవి మన గదుల్లోవి కదా. లాడ్జికి రాకుండా మీ ఇంటికి వచ్చాయేం?"

"మూత తీసింది ఇక్కడేనండీ, డాబా మీద."

"నింపడం ఇక్కడ నింపుండొచ్చు. నింపినంతలో రావు. వాడకం మొదలైన చోటికి కదా వచ్చేది. ఇక్కడెవరు వాడారు?"

దర్జీ మెడలో టేపుతో గుమ్మంలోకొచ్చి, తల వంచి చూపించాడు.

"ఇదిగో, ఈ గుండు వాడిందండి. నాకంటే ముందు మా ఆవిడ, తర్వాత మా చెల్లి, తర్వాత అందరూ. మొదటి చారెడు మా తలల మీద పోసి, ఏమీ కాలేదని చూసుకున్నాకే మీ గోడలకెక్కించింది. ఆ రోజు మేము చేసిన స్నానాలకి వీధి కుళాయి ఎండిపోయిందండి."

పెద్దాయన సీసాల మీంచి చూపు తిప్పి గదులమ్మని చూశాడు.

"నాకు చెప్పలేదేమ్మా."

"చెప్పడానికేముందయ్యగారూ. మన దగ్గరికొచ్చినవాళ్ళ నెత్తిన పోసేది, మన నెత్తిన పోసుకోకుండా ఎలా పోస్తాం?"

ఆయన వంగాడు. ఒక సీసా నొక్కి, అరచేతిలోకి తీసుకుని, అక్కడే వాకిట్లో ఉన్న బకెట్టు నీళ్ళతో ప్రయాణం మురికంతా పోయేలా మొహం కడుక్కున్నాడు. దర్జీ ఇచ్చిన తువ్వాలుతో తుడుచుకున్నాడు. తర్వాత ఒక్కో చేత్తో ఒక్కో గోడసీసా ఎత్తుకున్నాడు.

"పద, టూర్లావిడ వచ్చే వేళయింది."

గదులమ్మ కదల్లేదు. "నేనొక్కదాన్నే రానండి. నాతో వచ్చినవాళ్ళందరూ నాతోనే వస్తారు. కాంట్రాక్టు మాట ఇంకెప్పుడూ వినపడకూడదు. నింపేటప్పుడు ఇలాగే నింపుతాం, ఆలస్యమైతే ఆలస్యమవుతుంది."

"ఆలస్యమైతే అతిథికి నేను చెప్పుకుంటాను."

"అయితే పదండి."

ఆ పొద్దున్న ఆ వీధి చూసిన దృశ్యం ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందు తెల్లబట్టల్లో పెద్దాయన, రెండు చంకల్లో రెండు సీసాలతో. పక్కన గదులమ్మ. వెనక ఆడపడుచు, మిగతా ఆడవాళ్ళు, టేపు తీయడం మర్చిపోయిన దర్జీ, అందరి చేతుల్లో సీసాలే. టీకొట్టావిడ లేచి నిలబడింది. పాలాయన సైకిలు దిగాడు.

లాడ్జి ముందు బస్సు ఆగి ఉంది. లోపల కుర్చీల్లో కాంట్రాక్టు కంపెనీ యూనిఫారాలవాళ్ళు. కౌంటరు ముందు టూర్లావిడ, చేతిలో ఒక బొమ్మసీసా పట్టుకుని అల్లుడుగారి వైపు చూస్తోంది. అల్లుడుగారి నుదుటి మీద చెమట. అప్పుడు వీళ్ళు లోపలికొచ్చారు.

టూర్లావిడ బొమ్మసీసా బల్ల మీద పెట్టి, పెద్దాయన చంకలోని గోడసీసా ముక్కు కింద వేలు పెట్టి రాసి చూసింది. జిడ్డు లేదు. వాసన చూసింది. ఆయన మొహం తడిగా ఉండటం, చెవి వెనక కాస్త నురగ అంటుకుని ఉండటం కూడా చూసింది. వెనక్కి తిరిగి బస్సు వైపు చెయ్యూపింది.

"సామాన్లు దింపండి."

అల్లుడుగారు కౌంటరు మీదున్న తాళాల గుత్తి తనే తీసి, గదులమ్మ చేతికిచ్చాడు. యూనిఫారాలవాళ్ళకి టీ పోసి పంపారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ తాళాలు ఇంకో నడుముకెక్కలేదు. గదుల్లోకి ఏది రావాలన్నా, ఏది బయటికి పోవాలన్నా గదులమ్మే చెప్పాలి. నెలకోసారి సీసాలు ఆ డాబాకెళ్ళేవి, ఆ వీధిలో నెలకోసారి అందరి తలలూ మెరిసేవి. కొన్నాళ్ళకి అల్లుడుగారు బిడియపడుతూ వచ్చి, గోడసీసాల మీద లాడ్జి బొమ్మ అంటించుకోనా అని అడిగాడు. గదులమ్మ సరేనంది. "అంతస్తులు మాత్రం సరిగ్గా వెయ్యండి" అంది.

ఇదీ సంగతి. లేవడానికి ముందు ఒక్క మాట. సీసాలు నడిచాయని రేపు మీరెవరికైనా చెప్తారో చెప్పరో, అది మీ ఇష్టం. మర్చిపోయినా ఫరవాలేదు. ఆ డాబా మీద ఒక ఆడమనిషి జుట్టు ముడి విప్పి కూర్చుని, ఊరూ పేరూ తెలియని వాళ్ళ కోసం నింపింది ముందు తన నెత్తిన పోసుకుందే, అది గుర్తుంచుకోండి. మీ చేతిలో ఏ పనుంటే ఆ పనిలో, రేపు ఒక్కసారి అలా చేసి చూడండి. దేవుడు అడిగే రోజు, మీరు కూడా తలెత్తి చెప్పుకోవచ్చు.